సముద్రశోధక నౌకలు



నేడు నేను మీకు మనవి చేయబూనిన విషయము సముద్రశోధక నౌకల చరిత్ర. మేడ్చల్, షామీర్‌పేట పరిసరముల పెద్దలకు ఈ మాట వింతగా తోపవచ్చును. మనకు మిక్కిలి దగ్గఱనున్న తీరమైనను సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. మన పీఠభూమి సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ఓడ యనగా మనలో పలువురకు పుస్తకములోని బొమ్మ మాత్రమే. అయినను మన నగరమువారు పెద్ద చెఱువును కట్టినప్పుడెల్ల దానికి సాగరమనియే పేరిడిరి. హుస్సేన్ సాగర్, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అను పేర్లే ఇందులకు సాక్ష్యము. రైలుస్టేషనులో పేరుబల్ల క్రింద ఆ యూరి యెత్తును సముద్రమట్టమునుండియే లెక్కించి వ్రాయుదురు. అనగా చూడని సముద్రముతోనే మన నేలను కొలుచుకొనుచున్నాము. ఆ సముద్రముతో మనకు గల సంబంధమెట్టిదో, దానిని కనుగొనుటకై కొన్ని ఓడలును, వానిలోని మనుష్యులును ఎట్లు శ్రమించిరో యథాశక్తి వివరించెదను.

ఈ విషయమును నేను స్వయముగా ఎన్నుకొనలేదు. ఒక బాలుడు నాకు అప్పగించెను. 2004 డిసెంబరు 26వ తేది ఆదివారము ఉదయమున సుమత్రాద్వీప సమీపమున సముద్రగర్భమున భూకంపము సంభవించినదియు, అందువలన లేచిన ఉప్పెన అనేక దేశముల తీరములను ముంచినదియు మీకు తెలిసినదే. మన దేశముననే పదివేలకు మించిన ప్రాణములు పోయెను. మఱునాడు నేను తరగతిలో ఆ వార్త చదివి వినిపించితిని. అంతట వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "సారూ, భూకంపం వచ్చింది పొద్దుగాల ఆరున్నరకు గద. మన దిక్కు నీళ్ళు వచ్చేటప్పటికి రెండు గంటలకు పైన అయింది. అంతసేపు ఎవ్వరికీ తెల్వలేదా?" అని అడిగెను. నేను తెలుగు పండితుడను. ప్రళయవర్ణనలు నాలుగు చెప్పి ఆ పిల్లవానిని కూర్చుండబెట్టితిని. అది సమాధానము కాదని వానికిని తెలియును, నాకును తెలియును. ఆనాటినుండి ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఉద్యోగవిరమణానంతరము తీరిక దొరకినది గనుక, వానికి చెప్పదగిన సమాధానమును వెదకితిని. నేటి ప్రసంగము ఆ వెదకుట యొక్క ఫలము.

మొదట చెఱువును తలచుకొందము. చెఱువుకట్ట వేసినంతమాత్రమున ఊరు బ్రతుకదు. నీరెంత వచ్చినది, తూము ఎప్పుడు తీయవలెను, అలుగు ఎప్పుడు పాఱును, కట్టలో బుంగ ఎక్కడ పడినది అని రాత్రింబవళ్ళు కనిపెట్టుటకు మన పూర్వులు నీరటిని నియమించిరి. వానకురియు నడిరాత్రమున గొంగడి కప్పుకొని కట్టమీద తిరుగు నీరటిని ఊరివారెవ్వరును చూడరు. వాడొకనాడు లేకున్న మాత్రము ఊరంతయు తెలిసికొనును. సముద్రమునకును అట్టి నీరటి కావలయునని మనుష్యులు గ్రహించి యింకను నూటయేబది యేండ్లే అయినది.

అంతకుముందు నావికులు తీరము ప్రక్కనే నీటిలోతును చూచుకొనెడివారు. త్రాటికి సీసపుగుండు కట్టి నీట విడిచి, పైకి తీయుచు చేతులు చాచి కొలిచెడివారు. రెండు చేతులు చాచినంత కొలతను మనము బార యందుము. ఇంగ్లీషు నావికుల ఫాదమును అదియే, ఆఱడుగులు. నడిసముద్రమున లోతెంతయో, అడుగున నేమున్నదో ఎవ్వరికిని తెలియదు. అట్టి చీకటిలోనికి మొదటి దీపమువలె పోయినది ఛాలెంజర్ అను ఆంగ్లేయ నౌక. అది 1872 డిసెంబరు 21న ఇంగ్లాండు విడిచి 1876 మే 24న మరలివచ్చెను. ఆ మూడున్నర సంవత్సరములలో సుమారు 1,27,000 కిలోమీటర్లు తిరిగి, 362 స్థానములయందు నిలిచి, ప్రతిచోటను లోతును కొలిచి, అడుగు బురదను తీసి, నీటి వేడిమిని వ్రాసికొనెను. 1875 మార్చిలో పసిఫిక్ మహాసముద్రమున ఒకచోట త్రాడు 4,475 బారలు దిగెను. అనగా ఎనిమిది కిలోమీటర్లకు మించిన లోతు. ఈ పని వినుటకు ఘనముగా నున్నను చేయువారికి మిక్కిలి విసుగు. దినదినము అదే త్రాడు, అదే బురద. ఆ విసుగు ఓపలేక నావికులు పలువురు రేవులయందు దిగి మరల ఓడ యెక్కక పాఱిపోయిరి. శాస్త్రచరిత్రలో పేర్లు మిగిలినవి పండితులవి. త్రాడు లాగినది మాత్రము ఆ నావికుల చేతులే.

మన సముద్రములకు ఛాలెంజర్ రాలేదు. ఇక్కడి పనిని ఇన్వెస్టిగేటర్ అను ఓడ చేసెను. 1881లో బొంబాయిలో కట్టబడిన ఆ కొయ్యయోడ ప్రక్క చక్రములతో నడచు ఆవిరియోడ. తీరముల పటములు వ్రాయుట దాని ముఖ్యోద్యోగము. ఓడలు మెరకలకు తగిలి పగులకుండుటకు ఆ పటములు కావలసియుండెను. ఆ ఓడలో ఒక వైద్యుడుండెడివాడు. రోగులు లేని వేళ సముద్రజీవులను సేకరించుట ఆయనకు రెండవ పని. 1888 మొదలు 1892 వఱకు ఆ వైద్యపదవిలో నుండిన ఆల్కాక్ దొర బంగాళాఖాతమున వల దింపి, సూర్యకాంతి యెన్నడును ఎఱుగని లోతులనుండి చేపలను, పీతలను, రొయ్యలను తీసెను. మన కృష్ణా గోదావరుల ముఖద్వారముల యెదుట దొరకిన జీవులును వానిలో కలవు. వానకాలము వచ్చునప్పటికి ఓడపని ఆగెడిది. అప్పుడాయన కలకత్తా మ్యూజియమున కూర్చుండి సేకరించినవానిని వర్ణించి వ్రాసెడివాడు. ఇది గమనింపదగినది. సముద్రము మన బ్రతుకును నిర్ణయించు నెలలు వానకాలపు నెలలు. ఆ నెలలలోనే దానిని చూచువాడు లేకుండెను.

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొన్న సంగతి తాతలనాటినుండి వినుచున్నాము. అట్టి విపత్తు పునరావృతము కాకుండుటకే విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మితములైనవి. నదికి అడ్డుకట్ట వేయుట మనుష్యుడు త్వరగానే నేర్చుకొనెను. వాన పుట్టు చోటును చూచుటకు మఱి యేబది యేండ్లు పట్టెను.

ఇక తెలుగు నదుల పేర్లు మోసిన రెండు ఓడల కథ చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ దేశపు నౌకాదళమునకై ఇంగ్లాండు, స్కాట్లాండు కర్మాగారములలో కొన్ని యుద్ధనౌకలు కట్టబడి, వానికి మన నదుల పేర్లు పెట్టబడెను. వానిలో ఒకటి గోదావరి. మఱొకటి కృష్ణ, ఆంగ్లేయుల వ్రాతలో కిస్ట్నా. కృష్ణ 1943లో గ్లాస్గో నగరమున యారో కర్మాగారమున నీట దిగెను. పొడవు సుమారు 300 అడుగులు. 1945లో బర్మా అరకాను తీరపు దండయాత్రలయందు పాల్గొనెను. 1947లో దేశము చీలినప్పుడు ఇంటి సామానువలె ఓడలును పంచుకొనబడినవి. గోదావరి పాకిస్తానము పాలబడి సింధ్ అను పేరు దాల్చెను. కృష్ణ మన పాల మిగిలెను.

యుద్ధమునకై పుట్టిన ఈ కృష్ణ, విద్యాసేవకు మరలిన విధము రమ్యమైనది. 1959 మొదలు 1965 వఱకు అనేకదేశములు కూడి హిందూ మహాసముద్రమును శోధించినవి. దానికి అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర యని పేరు. దాదాపు 40 నౌకలు ఇందు పాల్గొనినవి. అన్ని మహాసముద్రములలో తక్కువగా తెలిసినది మనదియే గనుక ఈ ప్రయత్నము జరిగెను. భారతదేశమునకు అప్పుడు ప్రత్యేకముగా శోధకనౌక లేదు. నౌకాదళమువారు కృష్ణను ఇచ్చిరి. ఆ యుద్ధనౌకలోనే ప్రయోగశాల అమర్చబడెను. 1962 మొదలు 1965 వఱకు అది అరేబియా సముద్రమునను బంగాళాఖాతమునను తిరిగెను. భారతీయ కార్యక్రమమునకు పణిక్కర్‌గారు అధ్యక్షులు. 1966 జనవరి 1న జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఏర్పడినప్పుడు ఆయనయే దాని మొదటి సంచాలకులైరి.

అట్టి నౌకలో దినచర్య యెట్లుండునో చెప్పెదను. ఓడలో పగలు రాత్రి యను భేదము లేదు. నాలుగేసి గంటల వంతులుగా పని జరుగును. నిర్ణయించిన స్థానము రాగానే కెప్టెను ఓడను నిలుపును. నడిసముద్రమున లంగరు అందదు గనుక, గాలికి ఎదురుగా త్రిప్పి యంత్రమును కొంచెము కొంచెము నడపుచు ఒకేచోట నిలువవలెను. ఇది చుక్కాని పట్టినవానికి పరీక్ష. అప్పుడు గిలకయంత్రమునుండి ఉక్కుతీగెను నీట దింపుదురు. దానికి నిర్ణీతమైన దూరములయందు లోహపు సీసాలు తగిలింపబడును. అవి రెండువైపుల తెఱచుకొని దిగును. తీగె సెకనుకొక మీటరు చొప్పున దిగినచో మూడువేల మీటర్ల లోతునకు ఏబది నిమిషములు, మరల వచ్చుటకు ఏబది నిమిషములు. అన్నియు తమతమ లోతులు చేరిన పిమ్మట పైనుండి తీగెవెంట ఒక ఇత్తడి గుండు జాఱవిడుతురు. దానికి దూత యని పేరు. ఆ దూత పోయి మొదటి సీసాను తాకగానే అది తలక్రిందులై మూసికొని, తనక్రిందనున్న మఱొక దూతను విడుచును. అది రెండవదానిని, రెండవది మూడవదానిని. ఇట్లు ఒకరి సందేశము నొకరు అందించుకొనుచు అట్టడుగు వఱకు పోవును.

సీసా తలక్రిందులైనప్పుడు దానికి కట్టిన ఉష్ణమాపకములోని పాదరసము తెగి, ఆ లోతునందలి వేడిమి యెంతయో అంతటనే నిలిచిపోవును. డిగ్రీలో నూఱవ వంతు వఱకు దానిని భూతద్దముతో చదివి వ్రాయుదురు. ప్రతి సీసా నీటిలోని ఉప్పును రసాయనముతో పరీక్షింతురు. కిలో సముద్రజలమున సగటున 35 గ్రాముల ఉప్పుండును. రాత్రివేళ సన్నని పట్టువలలు దింపి, పైకి వచ్చు సూక్ష్మజీవులను పట్టుదురు. ఇదియంతయు ఓడ ఊయలవలె ఊగుచుండగా జరుగవలెను. సీసా జాఱినను, అంకె తప్పినను, నెలల తరువాత దిద్దుకొనుటకు ఆ నీరు మరల దొరకదు. విద్వాంసుడు వాంతులతో బాధపడుచునే అంకె వ్రాయును. కళాసి తడిసిన చేతులతో తీగెను కనిపెట్టుచుండును. వంటవాడు కుండలు పడకుండ కట్టి అన్నము వండును. వీరిలో నొకడు తప్పిన పని నిలిచిపోవును. కాలక్రమమున సీసాల పని విద్యుద్యంత్రములకు వచ్చినది. కాని తీగె, గిలక, రాత్రి మేలుకొనుట మాత్రము పోలేదు.

లోతు కొలుచు విధముకూడ మాఱెను. బావిలోనికి తొంగిచూచి కేక వేసినచో ప్రతిధ్వని వచ్చును గదా. ఓడ అడుగునుండి శబ్దమును పంపి, అది నేలకు తగిలి మరలివచ్చు కాలమును లెక్కింతురు. సముద్రజలమున శబ్దము సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. నాలుగు సెకనులకు మరలివచ్చినచో పోవుటకు రెండు, వచ్చుటకు రెండు. అనగా లోతు 3,000 మీటర్లు. ఈ విధముగా చూచినప్పుడు సముద్రపుటడుగు పళ్ళెమువలె చదునుగా లేదని తేలెను. అచ్చట పర్వతములు కలవు, లోయలు కలవు.

1952లో అమెరికా పండితుడు లాఫాండ్ విశాఖపట్టణమునకు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున సముద్రశాస్త్రబోధనకు తోడ్పడెను. పైజెప్పిన మహాయాత్రలో 1963లో ఆయన ఆధిపత్యమున ఆంటన్ బ్రూన్ అను నౌక బంగాళాఖాతమునకు వచ్చెను. ఈ నౌక అంతకుముందు అమెరికా రాష్ట్రపతి ట్రూమన్ విహారనౌక. ఆ యాత్రలో మన తీరపువాలున నీటిలోపల లోతైన లోయలు కనబడగా వానికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టిరి. ఈ మహదేవన్‌గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భూగర్భశాస్త్రాచార్యులు. అంతకుముందు మన హైదరాబాదు రాజ్యపు భూగర్భశాఖలోనే పనిచేసినవారు. మన గుట్టలలో ఱాళ్ళు పరిశీలించిన పండితుని పేరు సముద్రపులోయకు నిలిచినది. మెట్టనేలకు సముద్రమునకు సంబంధము లేదనుకొనువారు ఈ సంగతిని తలపవలెను.

కృష్ణ 1981 సంవత్సరాంతమున నౌకాదళసేవనుండి విరమించెను. అప్పటికే 1976నుండి గవేషణి యను నౌక జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు పనిచేయుచుండెను. మట్టి మోయు పడవగా కట్టబడుచుండినదానిని మార్చి శోధకనౌకగా చేసిరి. దాని పేరు మిక్కిలి సార్థకమైనది. గవేషణ మనగా మొదటి అర్థమున ఆవులను వెదకుట. సాయంకాలమున మంద తిరిగివచ్చి ఒక ఆవు రాకున్నచో మన పశుకాపరి ఏమిచేయును? అడుగుజాడ చూచుచు, పొదపొదను తడవుచు పోవును. శాస్త్రపరిశోధనకు మన పూర్వులు ఆ మాటనే వాడిరి. ఈ గవేషణియే 1981 జనవరి 26న హిందూ మహాసముద్రపు అడుగునుండి మన దేశమునకు మొదటిసారిగా లోహపుటుండలను తెచ్చెను. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు కలిసిన ఈ ఉండలు పదిలక్షల యేండ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. ఈ కృషి కారణముగా 1987లో సముద్రగర్భమున ఒక భాగమును పరిశోధించు హక్కు మన దేశమునకు లభించెను.

1983లో జర్మనీలో కట్టబడిన సాగరకన్య వచ్చెను. దీని పొడవు నూఱు మీటర్లు. ఈ నౌక చేసిన పనులలో ఒకటి మనకు మిక్కిలి దగ్గఱది. 1999 జులై, ఆగస్టు నెలలలో బంగాళాఖాతమున ఋతుపవన పరిశోధన జరిగెను. వానకాలపు నడిమధ్యమున, ఇన్వెస్టిగేటర్ రేవు చేరు దినములలో, సాగరకన్య బంగాళాఖాతమున పదిహేడున్నర డిగ్రీల ఉత్తరాక్షాంశమున, 89 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలిచెను. సాగరధ్వని యను మఱొక నౌక దక్షిణమున నిలిచెను. షామీర్‌పేట కట్టమీద నిలిచి సూటిగా తూర్పునకు గీత గీచినచో ఇంచుమించు ఆ నౌకకే తగులును. దూరము సుమారు 1,100 కిలోమీటర్లు. మనమిక్కడ నారుమళ్ళలో మబ్బులకై చూచుచుండగా, అక్కడ కొందఱు అలలమీద తూలుచు, ఆకాశమునకు బెలూనులు విడుచుచు, నీటి వేడిమిని గంటగంటకు వ్రాసికొనుచుండిరి.

వారు చూచినదేమి? గంగా, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ మున్నగు నదులు తెచ్చు మంచినీరు ఉప్పునీటికన్న తేలిక గనుక బంగాళాఖాతముపై పలుచని పొరగా పఱచుకొనును. ఆ పొర, పాలమీది మీగడవలె, క్రింది చల్లని నీటిని పైకి రానీయదు. కావున ఎండవేడి పైననే నిలుచును. గాలివానకు ఒకింత చల్లబడినను కొలది దినములలోనే మరల 28 డిగ్రీలకు పైగా వేడెక్కును. అట్టి వెచ్చని నీటిపై వాయుగుండములు ఒకదాని వెనుక నొకటి పుట్టి పడమటికి కదలి మనకు వానలు తెచ్చును. మన మూసీ నీరు కృష్ణలో కలిసి, కృష్ణ బంగాళాఖాతమున కలిసి, ఆ పొరలో భాగమై, మరల వానగా మన చెఱువు చేరుచున్నది.

ఆ వాన యెల్లప్పుడును మేలే చేయదు. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపమున తీరము దాటిన తీవ్రవాయుగుండము ఆ రాత్రికే మన మీదికి వచ్చెను. మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక్కనాట 30 సెంటీమీటర్లకు మించిన వాన కురిసెను. హైదరాబాదున చెఱువులు పొంగి కాలనీలు మునిగినవి, ప్రాణములు పోయినవి. సముద్రము మన గడపకు రాదనుకొనుట పొరపాటు. అది ఆకాశమార్గమున వచ్చును.

సముద్రగర్భమును త్రవ్విన నౌకలును మన తీరమునకు వచ్చినవి. సగరపుత్రులు త్రవ్విరి గనుక సాగరమని పేరు వచ్చెనని పెద్దలందురు. 2006లో జోయిడిస్ రెజల్యూషన్ అను నౌక ఏప్రిల్ చివరినుండి ఆగస్టు వఱకు 113 దినములు మన సముద్రములలో 21 స్థానములయందు త్రవ్వెను. కృష్ణా గోదావరుల యెదుట ఒకచోట మంచువలె గట్టిపడిన మీథేను వాయువు 128 మీటర్ల దళసరి పొరగా కనబడెను. అగ్గి తగిలిన మండు మంచు అది. 2015లో జపానువారి చిక్యూ అను నౌక వచ్చి మరల ఆ ప్రాంతమును త్రవ్వి చూచెను. ఈ పరిశోధనలలో మన హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకును భాగము కలదు. ఆ వాయువును క్షేమముగా వెలికితీసి పొయ్యిలోనికి తెచ్చుట మాత్రము ఇంకను సాధింపవలసిన పని.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వచ్చెదను. 2004లో ఆ రెండు గంటలు వ్యర్థముగా ఏల గడచెను? భూకంపము జరిగినదని యంత్రములు చెప్పినవి. కాని నడిసముద్రమున నీరు లేచినదో లేదో చెప్పుటకు మన వైపున కనిపెట్టువాడు లేకుండెను. చెప్పినను తీరవాసులకు అందించు మార్గము లేకుండెను. కట్ట యున్నది, చెఱువున్నది, నీరటి లేడు.

ఆ లోటును తీర్చుటకు ఏర్పడిన కేంద్రము ఎక్కడ నున్నదో తెలిసినచో మీరు ఆశ్చర్యపడుదురు. అది మన జిల్లాలోనే, నిజాంపేట ప్రక్కన ప్రగతినగర్‌లో నున్నది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రమని దాని పేరు. 1999లో ఆ సంస్థ ఏర్పడెను. 2007 అక్టోబరు 15న అందు ఉప్పెన హెచ్చరిక కేంద్రము ప్రారంభమయ్యెను. తీరమునకు ఇంత దూరమున మెట్టనేలమీద కూర్చుండి, వారు పగలురేయి సముద్రమును కనిపెట్టుచున్నారు. జాలరులకు చేపలు దొరకు తావులను, అలల ఉద్ధృతిని వీరే తెలుపుచున్నారు.

కాని గదిలో కూర్చున్నవానికి వార్త పంపువారెవరు? సముద్రపుటడుగున నీటి బరువును కొలుచు యంత్రములుంచి, పైన తేలుపీపాలను కట్టిరి. అడుగు యంత్రము నీటిమట్టములో కలుగు స్వల్పభేదమును గుర్తించి పీపాకు చెప్పును. పీపా ఉపగ్రహమునకు, ఉపగ్రహము హైదరాబాదునకు. ఆనాటి ఇత్తడి దూతల పనియే వేఱొక రూపమున నడచుచున్నది. ఈ పీపాలను నడిసముద్రమున దింపుటకును, నాచు పట్టినవానిని కడుగుటకును, తెగినవానిని మార్చుటకును ఓడయే పోవలెను. ఆ పనికై సాగరనిధి మొదలగు నౌకలు మద్రాసు సంస్థవారి యాజమాన్యమున తిరుగుచున్నవి. పదిదినములకొకసారి రెండువేల మీటర్ల లోతునుండి పైకివచ్చి వార్త చెప్పు తేలుయంత్రములను సముద్రమున విడుచునదియు ఓడలే. 2015 డిసెంబరు 4న గోవాలో రెండవ అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర ప్రారంభమైనప్పుడు మొదట బయలుదేరినది ఈ సాగరనిధియే. ఏబది యేండ్లక్రితము కృష్ణ త్రొక్కిన దారిని అది మరల పట్టెను.

2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపమున మరల మహాభూకంపము కలిగెను. జనులు 2004ను తలచి భీతిల్లిరి. కాని ఈసారి భూమి ప్రక్కకు జరిగెనే గాని పైకి లేవలేదు. నీటిమట్టములను చూచి పెద్ద ఉప్పెన లేదని తెలిసికొనుటకు యంత్రములుండెను. భయపడవలసినప్పుడు చెప్పుట యెంత ముఖ్యమో, భయము లేదని చెప్పుటయు అంత ముఖ్యము. అబద్ధపు కేకలు రెండుమారులు విన్నవాడు మూడవమారు నిజమైన కేకకు కదలడు.

పెద్దలారా, హెచ్చరిక యెంత త్వరగా వచ్చినను వినువాడు లేనిచో వ్యర్థము. ఓడలోనివారు వాంతులు చేసికొనుచు వ్రాసిన అంకె, అడుగునుండి పీపాకు, పీపానుండి ఆకాశమునకు, ఆకాశమునుండి ప్రగతినగర్‌కు, అచ్చటి శాస్త్రజ్ఞులనుండియు వాతావరణ శాఖవారినుండియు మన చెవికి వచ్చును. ఆ గొలుసులో కడపటి కడియము మనమే. వాయుగుండము వచ్చుచున్నదని విన్నప్పుడు అలుగు దారిలో చెత్త తీయించుట, కట్టను చూచుట, వాగు పొంగినప్పుడు దాటవలదని పిల్లలకు చెప్పుట మన వంతు. చెఱువు నీరు పోవు దారిని పూడ్చి ఇండ్లు కట్టుకొన్నచో ఏ ఓడయు మనలను రక్షింపజాలదు.

నాటి బాలుడు నేడు పెద్దవాడై యుండును. వానికి నా సమాధానమిది. నాయనా, ఆనాడు సముద్రమునకు మన వైపున నీరటి లేకుండెను. నేడున్నాడు. వాడు కట్టమీద కాక అలలమీద తిరుగుచున్నాడు. వాని పేరు మనకు తెలియదు, వానిని మనమెన్నడును చూడము. వాని కేక వినబడినప్పుడు లేచి నిలువుము.